నాన్న కొట్టులో నలభై రోజులు

మా నాన్నది పాత ఇనప సామాన్ల కొట్టు. ఈ ఒక్క ముక్క సూటిగా చెప్పడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

స్కూల్లో ‘ఫాదర్ ఆక్యుపేషన్’ అని ఉన్నచోట ‘బిజినెస్’ అని రాసేదాన్ని. ఇంజినీరింగ్‌లో ఎవరైనా ‘ఏం బిజినెస్?’ అని తరచి అడిగితే ‘మెటల్స్’ అనేదాన్ని. అబద్ధం కాదు కదా! హాస్టల్‌కి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నాన్న గోళ్ల సందుల్లో నల్లటి మసి కనబడేది. ‘గేటు దగ్గరే ఉండు నాన్నా, నేనే వస్తా’ అనేదాన్ని. ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు. అర్థం కాక అనుకున్నాను. అర్థమయ్యే అడగలేదని ఈమధ్యే తెలిసింది.

పోయిన ఏడాది నాన్నకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ చేయించాం. ఒకటి అయ్యాక మూడు వారాలకి రెండోది. ‘దుమ్ములోకి వెళ్లొద్దు’ అన్నారు డాక్టరు. పాత సామాన్ల కొట్టంటే దుమ్ము తప్ప ఇంకేముంటుంది? కొట్టు మూసేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. ‘తోపుడు బండ్లవాళ్లు రోజూ మనల్ని నమ్ముకొని వస్తారమ్మా. నెల్రోజులు మూస్తే ఇంకో కొట్టు చూస్కుంటారు’ అన్నాడు. నాది ఎలాగూ వర్క్ ఫ్రమ్ హోమ్. లాప్‌టాప్ పట్టుకుని గుంటూరు జిల్లాలోని మా ఊరొచ్చి, కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మీటింగుల్లో కెమెరా ఆఫ్. మ్యూట్ తీస్తే మాత్రం సుత్తి దెబ్బలు.

ఇనుము చూసుకోవడం తేలికే. తుప్పు, బరువు, అయస్కాంతం... అంతే. నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించింది అల్యూమినియం.

సిల్వర్ అంటే ఒకటి కాదు

మావైపు అల్యూమినియాన్ని ‘సిల్వర్’ అంటారు. సిల్వర్ బిందె, సిల్వర్ తపేలా. వెండికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, తెల్లగా మెరుస్తుందని పేరు. కాస్త మందంగా, గట్టిగా ఉంటే ‘ఇండాలియం’. నా దృష్టిలో అన్నీ ఒకటే. అయస్కాంతానికి అతుక్కోదు, తేలిగ్గా ఉంటుంది, కాబట్టి సిల్వర్. ఒకే కుప్పలో పోయించాను.

మా దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్న ఆయన్ని నేను చిన్నప్పట్నుంచీ ‘కాటా బాబాయ్’ అంటాను. ఆ కుప్ప చూసి తల పట్టుకున్నాడు. ‘పాపా, ఇది పలావు కాదు అన్నీ కలపడానికి!’ అన్నాడు. ఆరోజు సాయంత్రం ఇద్దరం కూర్చుని మళ్లీ విడదీశాం. నా అసలు చదువు అక్కడ మొదలైంది.

మొదటిది వైరు. కరెంటు బాగా పారాలంటే లోహం శుద్ధంగా ఉండాలి కాబట్టి తీగల్లో వాడేది దాదాపు 99.5 శాతం స్వచ్ఛమైన అల్యూమినియం. అందుకే శుభ్రమైన వైరుకి మంచి ధర.

రెండోది సెక్షన్. కిటికీలు, తలుపుల ఫ్రేములు, షోకేసుల పట్టీలు. ఇందులో మెగ్నీషియం, సిలికాన్ చాలా కొద్దిగా, ఒక్కోటీ ఒక శాతం లోపే కలుపుతారు. గట్టిదనం వస్తుంది, అచ్చులోంచి పొడవుగా లాగడానికీ వీలవుతుంది.

మూడోది షీటు, పాత్రలు. సొట్టలు పడ్డ తపేలాలు, అడుగు మాడిన గిన్నెలు, పిడి ఊడిన కుక్కర్లు.

నాలుగోది పోత సామాను. బైకు ఇంజిన్ కేసులు, గేర్‌బాక్సు మూతలు, పిస్టన్లు. కరిగించి అచ్చులో పోసి చేసినవి. లోహం అచ్చులో మూలమూలకీ పారాలని ఇందులో సిలికాన్ బాగా కలుపుతారు. పిస్టన్లలో అది 12 శాతం దాకా ఉండొచ్చు. దీన్ని కనిపెట్టడం ఎలాగో బాబాయ్ సుత్తితో చూపించాడు. షీటుని కొడితే వంగుతుంది. పోత సామాన్ని కొడితే విరుగుతుంది, విరిగినచోట బూడిదరంగులో గరుగ్గా కనిపిస్తుంది.

ఇవిగాక కూల్‌డ్రింకు క్యాన్లు. చూడ్డానికి ఒకే ముక్కలా ఉండే క్యాన్‌కి మూత వేరే మిశ్రమం, ఒళ్లు వేరే మిశ్రమం. మూత గట్టిగా ఉండాలని మెగ్నీషియం ఎక్కువ కలుపుతారు. ఇంకా కారు అల్లాయ్ వీల్స్, రేడియేటర్లు, చివరికి బిర్యానీ పార్సిల్ వచ్చే వెండిరంగు డబ్బాలు. ఈ డబ్బాలంటే నాన్నకి పెద్ద ఇష్టం ఉండదు. పల్చటి రేకు కాబట్టి కొలిమిలో వేస్తే కరిగేలోపే చాలావరకు గాలితో కలిసి బూడిదలా మారిపోతుంది. పైగా నూనె, మసాలా.

చిన్నప్పుడు నాన్న విజయవాడ ఆటోనగర్ వాళ్లకి ఫోన్ చేసి ‘ఇవ్వాళ టెన్స్ ఎంతుంది?’ అని అడిగేవాడు. నేను అది ‘టెన్షన్’ అనుకునేదాన్ని. అమెరికా స్క్రాప్ వ్యాపారుల సంఘం ఒక్కో రకానికీ ఒక్కో పొట్టి పేరు పెట్టిందనీ, ప్రపంచమంతా ఆ పేర్లతోనే బేరాలాడుకుంటుందనీ ఇప్పుడు తెలిసింది. కలగలుపు పోత సామాను ‘టెన్స్’, అల్లాయ్ వీల్స్ ‘ట్రోమా’, పాత షీటు ‘టెయింట్-టేబర్’, కార్లని తుక్కుతుక్కు చేశాక ఇనుము తీసేస్తే మిగిలే కలగలుపు ‘జోర్బా’. పదో తరగతి దాటని మా నాన్న నోట అంతర్జాతీయ మార్కెట్ భాష పలుకుతుంటే, నేనేమో ఆయన్ని హాస్టల్ గేటు దగ్గర ఆపాను.

కలిపితే ఏమవుతుంది?

‘ఎలాగూ కరిగించేదే కదా బాబాయ్, విడదీయడం ఎందుకు?’ అని అడిగాను. బాబాయ్ చెప్పింది ఒక్క మాటే: ‘కరిగితే కలుస్తుంది పాపా. కలిసింది విడిపోదు.’

రాత్రి కూర్చుని చదివితే, ఆయన చెప్పిందే అసలు కెమిస్ట్రీ అని తెలిసింది. అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే మహా ప్రేమ. అందుకే దాంతో కలిసిన ఇనుము, రాగి లాంటివాటిని మాత్రమే మండించి తీసేయడం కుదరదు. వాటికంటే ముందు అల్యూమినియమే మండిపోతుంది. ఇనుము కాస్త ఎక్కువ చేరితే లోపల సూదుల్లాంటి పలుకులు ఏర్పడి లోహం పెళుసుబారుతుంది. అన్నీ కలిపి కరిగించిన అల్యూమినియం మళ్లీ కిటికీ సెక్షన్‌గానో వైరుగానో మారడం కష్టం. ఎక్కువగా ఇంజిన్ భాగాల్లాంటి పోత సామానుకే పోతుంది. విడదీసి పంపితే మాత్రం కిటికీ మళ్లీ కిటికీ అవుతుంది, క్యాన్ మళ్లీ క్యాన్ అవుతుంది.

ఈ పాఠం నాకు డబ్బు కట్టాకే ఒంటబట్టింది. రెండోవారంలో ఒకాయన ఇల్లు రీమోడలింగ్ చేయిస్తూ పాత కిటికీలు తెచ్చాడు. 41 కిలోలు. కిలో 180 చొప్పున 7,380 రూపాయలు ఇచ్చేశాను. ఆటోనగర్‌లో ఆరోజు రేటు 195. ‘615 లాభం’ అని వాట్సాప్‌లో నాన్నకి మెసేజ్ కూడా పెట్టాను, పక్కన ఒక చప్పట్ల ఎమోజీ. బాబాయ్ వాటిని విప్పితే లోపల ఇనప స్క్రూలు, చక్రాలు, గొళ్లేలు, రబ్బరు పట్టీలు, గాజుముక్కలు. అవన్నీ పోను మిగిలింది 36 కిలోలు. అంటే చేతికొచ్చేది 7,020. లాభం లేదు సరికదా, 360 ఎదురు నష్టం. ఆఫీసులో డేటాని రకాలుగా విడదీసే మోడల్స్ రాసి జీతం తీసుకుంటాను నేను. ఇక్కడ ఐదు కిలోల చెత్త నా కళ్లముందే కాటా ఎక్కినా గుర్తుపట్టలేకపోయాను.

నాన్న నవ్వి ఊరుకున్నాడు. ‘ఎమోజీ బాగుంది’ అన్నాడు అంతే.

ఇంకోరోజు పోత సామాను కుప్పలో బైకు షాకబ్జార్బర్ ఒకటి పడింది. బాబాయ్ గబుక్కున తీసి పక్కన పెట్టాడు. రెండువైపులా మూసి ఉన్న ఏ గొట్టమైనా కొలిమికి శత్రువే. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. ఆ వేడి ద్రవంలోకి నూనో, గాలో, నాలుగు చుక్కల నీళ్లో బిగించి ఉన్న వస్తువు పడితే, లోపలిది ఒక్కసారిగా ఆవిరై బాంబులా పేలుతుంది. కరిగిన లోహం చిమ్మి మనుషుల మీద పడుతుంది. ‘మనం ఇక్కడ చూడకుండా పంపితే, అక్కడ ఎవడి బిడ్డో కాలతాడు’ అన్నాడు బాబాయ్. ఆరోజు నుంచి కుప్పని ఇంకోలా చూడ్డం మొదలుపెట్టాను.

ఒక కిలో వెనుక

అల్యూమినియం ఒకప్పుడు అపురూపమైన లోహం. 1884లో వాషింగ్టన్ మాన్యుమెంట్ శిఖరాన పెట్టింది ఒక చిన్న అల్యూమినియం ముక్కనే. రెండేళ్లకి, 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ అనే ఇద్దరు కుర్రాళ్లు, ఒకరికొకరు తెలియకుండానే, కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరూ 1863లోనే పుట్టారు. అప్పటికి నాకంటే చిన్నవాళ్లు! వాళ్ల పుణ్యమా అని అది రాజుల బల్ల మీంచి మన వంటింట్లోకి వచ్చింది.

కానీ ఆ పద్ధతి కరెంటుని తాగేస్తుంది. బాక్సైట్ నుంచి ఒక కిలో కొత్త అల్యూమినియం తీయాలంటే దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. వేసవిలో ఒక రాత్రంతా ఏసీ వేసుకున్నట్టు. అదే పాతదాన్ని కరిగించి మళ్లీ వాడితే, కొత్తదానికి అయ్యే శక్తిలో 5 శాతం చాలు. ఎన్నిసార్లు కరిగించినా లోహం గుణం పోదు, శుభ్రంగా విడదీస్తే చాలు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒక టన్ను అల్యూమినియానికి సుమారు నాలుగైదు టన్నుల బాక్సైట్ తవ్వాలి. ఆ బాక్సైట్ ఎక్కడో లేదు. మనం కాఫీ తాగి సెల్ఫీలు దిగే అరకు వైపు కొండల్లోనే బోలెడుంది. ఆ కొండల కోసం అక్కడి గిరిజనులు ఏళ్లతరబడి పోరాడారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకి భూమి లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో ‘సమత’ కేసులో చెప్పింది. విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాల అనుమతులని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. మా కొట్టులో ఒక సొట్ట తపేలా కాటా ఎక్కిన ప్రతిసారీ, ఎక్కడో ఒక కొండ మీద ఆమేరకు భారం తగ్గుతుందని నాకు ఇంతకుముందు తట్టలేదు.

ఆ సాయంత్రం

ఇంతవరకు చెప్పింది కొట్టు గురించి. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు.

నాలుగోవారం, చీకటి పడే వేళ. ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద ఓ గోనెసంచి తెచ్చారు. విప్పితే అల్యూమినియం తీగ. మూరెడు మూరెడు ముక్కలుగా కోసి ఉంది. పైన ప్లాస్టిక్ తొడుగు లేదు. వైరుకి మంచి రేటని నాకు తెలుసు కదా! వాళ్లు అడిగిన ధర మార్కెట్‌లో సగం. నా బుర్రలో లెక్క చకచకా తిరిగింది. కిటికీల నష్టం ఒక్క దెబ్బతో పోతుంది, పైన నాలుగు వేలు మిగులుతాయి.

‘కాటా వెయ్యి బాబాయ్’ అన్నాను.

బాబాయ్ కదల్లేదు. ‘నాన్నగారికి ఒక్క ఫోన్ కొట్టు పాపా’ అన్నాడు, వాళ్ల వైపు చూడకుండా. నాకు చిరాకేసింది. ఇన్ని రోజులు కూర్చున్నాక కూడా నా మాట మీద నమ్మకం లేదా అని. అయినా చేశాను.

‘తీగ పేనినట్టుందా?’ అడిగాడు నాన్న.

‘ఆఁ.’

‘మధ్య పోగుకి అయస్కాంతం పెట్టి చూడు.’

పెట్టాను. ఠక్కున అతుక్కుంది. చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు, మధ్యలో ఒక ఉక్కు పోగు.

‘అది ఇళ్లల్లో తీగ కాదమ్మా. స్తంభాల మీది. మధ్యలో ఉక్కు లేకపోతే అంత దూరం వేలాడలేదు. కరెంటోళ్లు పాతది అమ్మితే వేలంలో అమ్ముతారు, కాయితాలుంటాయి. బైకు మీద సంచిలో రాదు. వద్దని చెప్పి పంపించెయ్.’

‘కాయితాలున్నాయా?’ అని అడిగాను కుర్రాళ్లని. ఒకడు నేల చూశాడు. ఇంకోడు సంచి మూతి బిగించి, ‘ఇది కాకపోతే ఇంకో కొట్టు’ అన్నాడు. వెళ్లిపోయారు. నాన్న అప్పటికప్పుడు లైన్‌మన్‌కి ఫోన్ చేసి చెప్పాడట. ఆ తీగ తర్వాత ఎక్కడ తేలిందో మాకు తెలీదు.

ఆ రాత్రి అన్నం తిన్నాక, నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని నాన్న తనంతట తనే మొదలుపెట్టాడు.

‘నేనూ ఒకసారి కొన్నానమ్మా.’

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. కొట్టు నడవట్లేదు, నా స్కూలు ఫీజు కట్టాలి. ఎవరో తెచ్చిన తీగ, ఇలాంటిదే. అనుమానం వచ్చింది. వచ్చినా కొన్నాడు. మర్నాడే ఆటోనగర్‌కి పంపేశాడు. నాలుగు రోజులకి మా అత్తయ్యా, మావయ్యా ఇంటికొచ్చారు. పొలాల్లోకి వెళ్లే లైను ఎవరో కోసుకుపోయారని, మోటార్లు ఆగిపోయాయని, కొత్త తీగ లాగేసరికి వారం పట్టేట్టుందని, మిర్చి తోట తలలు వాల్చేస్తోందని మావయ్య చెబుతుంటే, నాన్న అన్నం కలిపిన చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నాడట.

‘అదే తీగో కాదో నాకు తెలీదమ్మా. తెలుసుకునే ధైర్యం కూడా లేకపోయింది. మా అక్క ఆ ఏడు గాజులు తాకట్టు పెట్టింది. ఆ డబ్బుతోనే నీ ఫీజు...’

ఆగిపోయాడు. నేనేమీ అనలేకపోయాను. ఆపరేషన్ అయిన కళ్లు తడవకూడదని డాక్టరు చెప్పారు. తుడుచుకోవడానికి దూదిచ్చాను.

అప్పట్నుంచి కాయితం లేని తీగ ముట్టుకోలేదట. ‘సామాను ఏ రకమో చూడ్డం ఎవరైనా నేర్చుకుంటారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడ్డం కష్టం. లాభం కనబడుతున్నప్పుడు మరీ కష్టం’ అన్నాడు.

నా ఇంజినీరింగ్‌కీ, ఉద్యోగానికీ, ఈ లాప్‌టాప్‌కీ అడుగున ఒక ఎండిన మిర్చి తోట ఉండొచ్చని నేనెప్పుడూ అనుకోలేదు. నేను సిగ్గుపడింది నాన్న గోళ్లలో మసికి. ఆయన సిగ్గుపడుతున్నది ఇంకోదానికి, అదీ ఎవరికీ చెప్పకుండా పదిహేనేళ్లుగా.

మీ ఇంట్లో సిల్వర్

ఇది చదివాక మీరు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. పాత గిన్నెలకీ, కుక్కర్లకీ ఉన్న పిడులు, ఇనప మేకులు ఊడదీసి ఇవ్వండి, మీకూ రేటు వస్తుంది. కూల్‌డ్రింకు క్యాన్లు కడిగి విడిగా సంచిలో వేయండి. సుమారు 70 క్యాన్లయితే కిలో. ఫుడ్ పార్సిల్ డబ్బాలు జిడ్డు పోయేలా కడిగి, ఉండలా నలిపి ఇవ్వండి. డియోడరెంట్ టిన్నులు మాత్రం మీరు పొడవొద్దు, కాల్చొద్దు. అవేంటో చెప్పి విడిగా ఇవ్వండి. కిటికీలు అమ్మేటప్పుడు కాటా దగ్గర ఓ అమ్మాయి లాప్‌టాప్‌తో కూర్చుని ఉంటే, దయచేసి స్క్రూల సంగతి ముందే చెప్పండి!

నలభై రోజులయ్యాక నాన్న మళ్లీ కొట్టుకి వచ్చాడు. కొత్త కళ్లతో కుప్పలన్నీ చూసి, పోత సామానులోంచి ఒక షీటు ముక్క తీసి సరైన చోట పడేసి, ‘పర్లేదు’ అన్నాడు. నాకు ఆఫీసులో వచ్చిన ఏ రేటింగూ అంత సంతోషాన్నివ్వలేదు.

ఇదంతా రాస్తానని అడిగితే, ‘రాయి. కానీ ముందు అక్కకి నేను చెప్పాలి’ అన్నాడు. ఆదివారం ఇద్దరం అత్తయ్య వాళ్లింటికి వెళ్లాం. మావయ్య పోయి మూడేళ్లయింది. అరుగు మీద కూర్చుని నాన్న మొత్తం చెప్పాడు, తల ఎత్తకుండా. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. చీరచెంగుతో అరుగు మీద లేని దుమ్ము తుడిచింది. తర్వాత లేచి లోపలికెళుతూ అంది:

‘ఆ ఏడు మిర్చికి ఎటూ రేటు లేదులేరా. లోపలికి రా, చెయ్యి కడుక్కో. అన్నం తిందువుగాని.’

నాన్న పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు. గోళ్లలో మసి ఎంత కడిగినా పోలేదు. ఈసారి నేను పక్కనే ఉన్నాను, చెంబుతో నీళ్లు పోస్తూ.